ముఖం చిట్లించే మిక్సీ మెకానిక్: 4 స్టార్లు

నేను ఇంట్లో కందిపొడి, కరివేపాకు కారం చేసి అమ్ముతాను. మిక్సీ ఆగిందంటే ఆ రోజు బేరం ఆగినట్టే. పోయిన నెల కందిపొడి సగంలో ఉండగా ఆగిపోతే, సంచిలో వేసుకుని గుంటూరు బ్రాడీపేటలోని ఈ షాపుకి పరిగెత్తాను. ఒక మనిషి పట్టే గది, గోడల నిండా మూతల్లేని జార్లు.

ఆయన మిక్సీని బోర్లించి అడుగున ఎర్ర బటన్ నొక్కారు. బుర్రుమని తిరిగింది. "ఓవర్‌లోడ్ అయితే ఇది కట్ చేస్తుందమ్మా. కాస్త చల్లారనిచ్చి నొక్కుకోండి" అన్నారు. ఎంతివ్వమంటారంటే వద్దని చెయ్యి ఊపారు. 'ఇవాళ ఎర వేశాడు, రేపు పెద్ద రిపేరు చెప్తాడు' అనుకుంటూ బయటపడ్డాను.

రెండు వారాలకి చిన్న జార్ అడుగునుంచి పచ్చడి కారడం మొదలైంది. బ్లేడు పట్టుకుని అటూ ఇటూ కదిపి, "బ్లేడు ఇరుసు తిరిగే బుష్ అరిగింది" అన్నారు. అదిగో, అనుకున్నా. పైగా మోటారు ఆన్ చేసి, నేను మాట్లాడుతుంటే ముఖం చిట్లించి అటు తిరిగారు. పొగరు! నిమిషం తర్వాత ఆపి, "సౌండ్ బాగానే ఉంది, మోటారుకి కరెంటు అందించే కార్బన్లు ఇప్పుడే మార్చక్కర్లేదు" అన్నారు. చిట్లింపు నా మీద కాదన్నమాట, చప్పుడు వినడానికి. పాత బుష్ నా అరచేతిలో పెట్టారు. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. 120 రూపాయలు తీసుకున్నారు.

సాయంత్రం 5కి ఇస్తానన్నది 7కి ఇచ్చారు. కరెంటు పోయిందట. ఇంటికొచ్చి "అంతా వంక" అన్నాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ సైకాలజీ. "మొన్న నువ్వు ప్యాకెట్లు ఒకరోజు లేటుగా ఇచ్చి ఏం చెప్పావు?" అంది. నేనూ కరెంటే చెప్పాను. ఎదుటివాళ్ల పనికి వాళ్ల గుణమే కారణమనుకుని పరిస్థితిని లెక్కలోకి తీసుకోకపోవడానికి 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు ఒక పేరే పెట్టాడట. మన విషయానికొచ్చేసరికి పరిస్థితే కనిపిస్తుందని జోన్స్, నిస్బెట్ అనే మరో ఇద్దరు సైకాలజిస్టులు 1971లోనే రాశారట. కూతుర్ని చదివించినందుకు నాకు బాగానే అయింది.

ఆయన ధర్మాత్ముడని కూడా అనను. మొన్న జార్ మూత రబ్బరు కోసం వెళ్లి అడిగేశాను, ఆ రోజు డబ్బులు ఎందుకు వద్దన్నారని. "బటన్ నొక్కినందుకు వంద తీసుకుంటే, అసలు సంగతి తెలిశాక తిట్టుకుంటారు. మళ్లీ రారు" అన్నారు. జాలీ కాదు, ఎరా కాదు. వ్యాపారం.

ఒక స్టార్ తగ్గించింది ఆ రెండు గంటల లేటుకి, కరెంటు సంగతి తెలిసినా సరే. అన్నట్టు, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా షట్టర్ దించేస్తారు. భోంచేసి ఓ కునుకు తీస్తారనుకుంటా. ఫోన్ చేసి వెళ్లండి.