హనుమకొండలో అద్దెకు తెచ్చిన బ్రేకర్, మిల్లర్: ఇంటి బాటకు ఎంతవరకు పనికొచ్చాయి?

మేడారం జాతర వారంలో కూలీలు దొరకకపోవడంతో, గేటు నుంచి వరండా వరకు పగిలిపోయిన సిమెంటు బాటను నేనూ మా బావమరిదీ కలిసి మార్చుకున్నాం. పాత కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌ను, కొత్త మాలు కలిపే మిల్లర్‌ను హనుమకొండలోని ఒక అద్దె దుకాణం నుంచి తెచ్చాం. బాట పొడవు 30 అడుగులు, వెడల్పు 3 అడుగులు, మందం 4 అంగుళాలు కనుక, నా అభిప్రాయాలన్నీ ఇంతటి చిన్న పనికే వర్తిస్తాయి.

కరెంటుతో నడిచే బ్రేకర్ గురించి నాకు ఫిర్యాదు లేదు. సమ్మెటతో పూటంతా కొట్టినా ఒక మూల మాత్రమే లేచిన బాటను అది మూడు గంటల్లో పెళ్లలు పెళ్లలుగా లేపింది. ఉలి మొన మొద్దుబారిందని చూపించగానే దుకాణదారు మారుమాట లేకుండా మరొకటి ఇచ్చారు. పెళ్లలు తీశాక అసలు లోపం బయటపడింది. వానకు ఉబ్బి ఎండకు కుంగే నల్లరేగడి మీద, మొరం పరవకుండానే అప్పట్లో కాంక్రీటు పోశారు. అర అడుగు మట్టి తీసి, మొరం నింపి, నీళ్లు చల్లుతూ దిమ్మిసతో గట్టిగా కొట్టాం. ఆ దిమ్మిస కూడా అక్కడిదే. అరచేతులకు బొబ్బలు తెప్పించడంలో దానికి సాటి లేదు.

మిల్లర్ దగ్గరే చిక్కు వచ్చింది. అక్కడ ఒక బస్తా మిల్లర్ తప్ప చిన్నది లేదు. 1:2:4 పాళ్లలో ఒక బస్తా సిమెంటుకు రెండున్నర ఘనపుటడుగుల ఇసుక, ఐదు ఘనపుటడుగుల 20 ఎం.ఎం. కంకర వేస్తే, ఐదడుగులకు పైగా బాటకు సరిపోయే మాలు ఒక్కసారిగా కిందపడుతుంది. దానిని పరచి, మట్టం చూసి, నీరు గోడవైపు పోకుండా వాలు పెట్టి, మూడేసి అడుగులకు అంగుళం లోతున గాటు తీసేలోగా మిగిలినది బిగుసుకోసాగింది. ఆ తరువాత అర బస్తా చొప్పునే కలిపాం. డ్రమ్ము కడిగి అప్పగించినా, లోపలి రెక్కలకు ఎన్నడో అంటుకున్న సిమెంటును మా ఖాతాలో వేసి అడ్వాన్సులో 500 రూపాయలు కోశారు. తెచ్చుకునే ముందే డ్రమ్ము లోపలి భాగాన్ని ఫోటో తీసుకోవడం మంచిది.

“బాటే కదా, మూడు రోజులు తడిపితే చాలు” అన్న దుకాణదారు సలహాను కూడా నేను పాటించలేదు. పి.పి.సి. (పోర్ట్‌ల్యాండ్ పోజోలానా సిమెంటు) వంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు, పొడి ఎండ ఉన్నచోట 14 రోజులు తడి ఆరనివ్వకూడదని కాంక్రీటు పనులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 చెబుతోంది. గోనె సంచులు కప్పి పద్నాలుగు రోజులూ తడిపాం.

పెరట్లో కుళాయి దగ్గరి బాట ఇంకా మిగిలి ఉంది. దానికి బ్రేకర్ మళ్లీ అక్కడి నుంచే తెస్తాను, మాలు మాత్రం ఇనుప రేకు మీద పారలతోనే కలుపుకుంటాం.