మాంత్రికుడికి కవచం: నిషేధమా, గండమా, శిక్షణా? ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళిలోని మా అద్దె ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఐదుగురం తెలుగువాళ్లం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్ర పట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. ఆట నడిపేది నేను. మంత్రాలు వేసే పాత్ర ఇనుప కవచం తొడుక్కోవచ్చా అన్నది మా మధ్య ఎన్నో వారాలు నలిగిన వాదం. ఆట పుట్టినప్పటి నుంచి ఈ ప్రశ్నకు ముఖ్యంగా మూడు జవాబులు వచ్చాయి. మూడింటినీ ఆడి చూశాక ఒక్క కొలతే నాకు మిగిలింది: మాంత్రికుడు ఏం తొడిగినా సరే, పక్కన కూర్చుని యోధుడి పాత్ర ఆడుతున్న మనిషికి చేయడానికి పని మిగలాలి.

మొదటిది నిషేధం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి ఆటలో మాంత్రికుడికి కవచం లేదు, చేతిలో బాకు తప్ప ఆయుధం లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. యోధుడు ముందు, మాంత్రికుడు వెనక. ఒకరు లేనిదే ఇంకొకరు బతకరు. ఆ ఆధారపడటంలో గొప్ప అందం ఉంది. కానీ "ఎందుకు తొడగకూడదు?" అని అడిగితే కథలో జవాబు దొరకదు. 1981 నాటి బేసిక్ ఆటలో ఎల్ఫ్ (మనిషిని పోలిన మరో జాతి పాత్ర) ఏ కవచంలోనైనా మంత్రం వేయగలదు, అదే మంత్రం మనిషికి మాత్రం కుదరదు. భారతం విని పెరిగిన మన చెవులకు ఇది మరీ వింతగా తోస్తుంది. ద్రోణుడు కవచం తొడుక్కునే దివ్యాస్త్రాలు ప్రయోగించాడు. అస్త్రమంటేనే మంత్రం కదా!

రెండోది గండం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ కవచానికి ఒక కారణం చెప్పింది: అది చేతి కదలికలకు అడ్డు తగులుతుంది. అందుకే ఒక్కో కవచానికి మంత్రం విఫలమయ్యే శాతం పెట్టింది. మేకులు కొట్టిన తోలు కవచానికి 15, గొలుసు కవచానికి 30, ఒళ్లంతా కప్పే ప్లేట్ కవచానికి 35, నిలువెత్తు డాలుకు 50. కారణం నాకు నచ్చింది, ఫలితం నచ్చలేదు. మా బృందంలో ఒకతను ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డు రద్దీ దాటుకుని వస్తాడు. మూడు గంటల ఆటలో అతని మాంత్రికుడి ఫైర్‌బాల్ (నిప్పుముద్ద) మంత్రానికి అక్కరకొచ్చే క్షణం ఒక్కటే ఉంటుంది. ఆ క్షణాన శాతం పాచిక తిరగబడితే మంత్రమూ పోతుంది, ఆ వంతూ పోతుంది. అతను తప్పు ఎత్తు వేసి ఓడిపోతే నాకు బాధ లేదు. సరైన ఎత్తు వేసి కూడా ఖాళీ చేతులతో కూర్చోవడం చూడలేకపోయాను. నాలుగు వారాలకే ఆ పద్ధతి మానేశాం.

మూడోది శిక్షణ. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో శిక్షణ లేని కవచం తొడిగితే ఒక్క మంత్రం కూడా వేయలేరు. శిక్షణ ఉంటే ఏ అడ్డూ లేదు. కథకు ఇదే బాగా అతుకుతుంది. చిక్కల్లా శిక్షణ చవకగా దొరకడం. మౌంటెన్ డ్వార్ఫ్ అనే మరుగుజ్జు జాతికి అది పుట్టుకతోనే వస్తుంది. మిగతావారు క్లెరిక్‌గా (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్రగా) ఒక్క మెట్టు ఎక్కితే చాలు.

మా బల్ల దగ్గర జరిగింది అదే. మాంత్రికుడు హాఫ్ ప్లేట్ అనే ఇనుప కవచం తొడిగి డాలు పట్టాడు, చురుకుదనం కూడా కలిసి రక్షణ అంకె 19 అయింది. శత్రువు పాచిక ఆ అంకెను అందుకుంటేనే దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలే క్షణంలో షీల్డ్ మంత్రం వేస్తే మరో 5 కలిసి 24. ఓగర్ అనే రాక్షసి 20 ముఖాల పాచికకు 6 కలుపుకుని కొడుతుంది. 24ను అందుకోవాలంటే పాచికపై 18 పడాలి, అంటే నూటికి 15 సార్లే. ప్లేట్ కవచం, డాలు కలిపి 20 దగ్గర నిలిచిన యోధుడికి మాత్రం నూటికి 35 సార్లు తగులుతుంది. (షీల్డ్ మంత్రానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలన్న నియమాన్ని చాలామంది మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం.) యోధుడి పాత్ర మా చిన్నాన్న కొడుకుది. ప్లేట్ కవచానికి కావలసిన 1500 బంగారు నాణేలు నెలల తరబడి కూడబెట్టాడు. "అన్నా, ఇక నేను ముందు నిలబడటం దేనికి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఓగర్ బలం పెంచుదామంటే ముందు దెబ్బతినేది యోధుడే. కవచం ఆపలేని దాడులు తెద్దామా? ద్రోణుడు మంత్రించి కట్టిన కవచాన్ని ఛేదించలేక అర్జునుడు దుర్యోధనుడి అరచేతులను కొట్టాడు కాబట్టి దారి ఉన్న మాట నిజమే. కానీ ప్రతి వారం ఒక్కడినే గురిపెట్టి కథ అల్లితే అది ఆట అనిపించుకోదు.

అందుకే మూడో పద్ధతినే ఉంచి ఒక్క నియమం చేర్చాం: ఇనుమో, మంత్రమో, ఏదో ఒకటే కాపాడుతుంది. ఒంటికి మంత్రరక్షణ కట్టే మేజ్ ఆర్మర్ మంత్రం కవచం తొడగగానే పోతుందని అసలు నియమాల్లోనే ఉంది. దాన్నే షీల్డ్ మంత్రానికీ, చేతిలోని డాలుకూ వర్తింపజేశాం. ఇది నాకు పరాయి ఊహ అనిపించలేదు. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి ఉపదేశించిన నారాయణ కవచం అక్షరాలతో కట్టిన కవచమే కదా. లెక్క కూడా సరిపోయింది. ఇనుము ఎంచుకున్న మాంత్రికుడు 19 దగ్గర ఆగుతాడు. మంత్రం ఎంచుకున్నవాడు మేజ్ ఆర్మర్‌తో 15 దగ్గర ఉండి, షీల్డ్ వేసినప్పుడు 20 చేరతాడు. యోధుడితో సమానం, అదీ ఒక్క వంతుసేపు, ఒక మంత్రం ఖర్చుపెట్టి.

ఎల్డ్రిచ్ నైట్‌కు (కొన్ని మంత్రాలు నేర్చిన యోధుడికి) మాత్రం ఈ నియమం వర్తించదు. అతనికున్న మంత్రాలు కొద్ది, ముందు నిలబడటమే అతని పని. ఒక్క మధ్యాహ్నంలో ముగిసే ఆటకు, అందరూ కొత్తవాళ్లయితే, నేను ఇప్పటికీ పాత నిషేధాన్నే ఎంచుకుంటాను. నెలల పాటు సాగే కథకు మాత్రం మా నియమం ఉన్న మూడో పద్ధతే మేలు. మా మాంత్రికుడు డాలు అమ్మేసి మంత్రాన్ని ఎంచుకున్నాడు. కిందటి ఆదివారం వంతెన మీద ఓగర్ ఎదురైనప్పుడు, ఎవరూ అడగకముందే, మా తమ్ముడు తన బొమ్మను ముందు గడిలోకి జరిపాడు.