కుంచె మేలా, స్టైలస్ మేలా?

బొమ్మ భలే ఉందని అప్పటిదాకా మెచ్చుకున్నవాళ్లు, స్క్రీన్ మీద వేశానని చెప్పగానే “ఓ, కంప్యూటర్‌లోనా!” అంటారు. ఆ ఒక్క మాటతో బొమ్మ విలువ సగానికి పడిపోతుంది. రెండు రకాలుగానూ వేసేదాన్ని కాబట్టి, అది విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. డిజిటల్ బొమ్మ కళేనా అంటే, కళే. అందులో నాకు అనుమానం లేదు. దేనికి ఏది మేలు అంటే మాత్రం కాస్త ఆలోచించాలి.

ముందు “అంతా కంప్యూటరే చేసేస్తుంది” అనే మాట సంగతి. ఒక ముసలావిడ ముఖం వేస్తున్నాననుకోండి. ఇప్పటి మంచి స్టైలస్‌లు, అంటే స్క్రీన్ మీద గీసే పెన్నులు, చేతి ఒత్తిడిని వేల స్థాయిల్లో పసిగడతాయి. మెల్లగా ఆనిస్తే వెంట్రుకంత గీత, అదిమితే లావుపాటి గీత. అంతవరకే వాటి పని. కంటి కింద ముడత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ వదిలేయాలో, బుగ్గ మీది నీడలో నీలం కలపాలో ఎరుపు కలపాలో నేనే తేల్చుకోవాలి. చర్మం కింద ఎముక ఎలా తిరుగుతుందో తెలియకపోతే బొమ్మ కాన్వాసు మీదా తేలిపోతుంది, స్క్రీన్ మీదా తేలిపోతుంది. (మాటలు టైపు చేసి యంత్రంతో బొమ్మ తెప్పించుకోవడం వేరే సంగతి. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.)

ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2011లో, డెబ్బై దాటిన వయసులో, వోల్డ్‌గేట్ అనే పల్లెదారికి వసంతం రావడాన్ని వేశాడు. 51 బొమ్మలు ఐప్యాడ్ మీద, ఒకటి 32 కాన్వాసులు కలిపిన పెద్ద తైలవర్ణ చిత్రం. మరుసటి ఏడాది లండన్‌లోని రాయల్ అకాడమీ వాటిని కలిపే ప్రదర్శించింది. వెలుగు నిమిషనిమిషానికీ మారే చోట స్క్రీన్ ఎంత సాయమో ఆరుబయట కూర్చుని వేసినవాళ్లకి తెలుస్తుంది. రంగు ఆరేదాకా ఆగక్కర్లేదు, కుంచెలు కడగక్కర్లేదు. ఇంకా చీకటిగా ఉన్న తెల్లవారుజామున దీపం లేకుండానే గీసుకోవచ్చు.

అయితే కాగితం నేర్పేది స్క్రీన్ నేర్పదు. ఒకసారి నీటిరంగుల్లో ఆకాశం వేస్తుంటే, సగం ఆరిన నీలం మీద కుంచె నుంచి నీటిచుక్క పడింది. రంగు చుట్టూరా పక్కకి జరిగి, అంచులు చిరిగిన పువ్వులా మచ్చ కట్టింది. తుడిస్తే కాగితం పొర లేస్తుంది. చేసేదిలేక ఆ మచ్చనే మబ్బు చేసి, దానికి తగ్గట్టు కింద కొండల్ని మార్చాను. ఆ బొమ్మలో ఇప్పటికీ నాకు నచ్చేది ఆ మబ్బే. అదే స్క్రీన్ అయితే రెండు వేళ్లతో తట్టి అన్‌డూ చేసేసేదాన్ని. ఒక్క గీత కోసం ఇరవైసార్లు అన్‌డూ కొట్టిన రోజులున్నాయి. చివరికి మిగిలిన గీత శుభ్రంగా ఉంటుంది కానీ అందులో ప్రాణం ఉండదు. జూమ్ ఇంకో చిక్కు. కనురెప్ప వెంట్రుకల్లో గంటసేపు మునిగిపోయి, వెనక్కి వచ్చి చూస్తే రెండు కళ్లూ ఒక వరసలో ఉండవు.

“డిజిటల్ బొమ్మకి ఒరిజినల్ అంటూ ఏదీ?” అంటారు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పేరుమోసిన అలల బొమ్మ చెక్క అచ్చులతో ముద్రించిందే. అచ్చు చెక్కినవాళ్లూ ముద్రించినవాళ్లూ వేరు, ప్రతులు ఎన్నో. దాన్ని కళ కాదని ఎవరూ అనరు కదా! తైలవర్ణాల విషయంలో మాత్రం ఒప్పుకోవాల్సిందే. వాన్ గో కాన్వాసు మీద గట్లుగట్లుగా పేరుకున్న రంగుకి దాని నీడ దానికే ఉంటుంది. పక్కకి జరిగి చూస్తే ఆ గట్ల మీది మెరుపూ జరుగుతుంది. నా స్క్రీన్‌లో అది లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా ఓటు కాగితానికీ పెన్సిల్‌కే, కనీసం చెయ్యి కుదిరేదాకా. పుస్తకాలకి, పత్రికలకి బొమ్మలు వేసేవాళ్లకి ట్యాబ్లెటే మేలు. బొమ్మని ఒకదాని మీద ఒకటిగా పొరల్లో (లేయర్లలో) వేస్తాం కాబట్టి అడిగిన మార్పు ఒక్క లేయర్‌లో అయిపోతుంది, మిగతా బొమ్మ చెక్కుచెదరదు. నేనైతే స్కెచ్ కాగితం మీద వేసి, ఫోటో తీసి, స్క్రీన్ మీద నాలుగైదు రకాల రంగులు వేసి చూసుకుంటాను. ఒకటి నచ్చాక మళ్లీ కాగితానికే వచ్చి, నీళ్ల గిన్నె దగ్గర పెట్టుకుంటాను.