సముద్రం మీద వరి: కూపైతో నాలుగేళ్లు

ఉపగ్రహ చిత్రాల లెక్కలకు నాలుగేళ్లుగా కూపై (CuPy) వాడుతున్నాను. పైథాన్‌లో అరేలతో, అంటే సంఖ్యల వరుసలతో, లెక్కలు చేసే నంపై (NumPy) లైబ్రరీ పనినే ఇది గ్రాఫిక్స్ కార్డు మీద చేస్తుంది. వేగం సంగతి అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది వేరు. నంపై కోసం రాసుకున్న ఫంక్షన్‌లో మొదట, డేటాను బట్టి రెంటిలో తగిన లైబ్రరీని ఎంచుకునే గెట్ అరే మాడ్యూల్ అన్న లైను పెట్టుకుంటే, డేటా ర్యామ్‌లో ఉన్నా గ్రాఫిక్స్ కార్డులో ఉన్నా అదే కోడ్ నడుస్తుంది. మా కార్డుకు ఉన్న మెమరీ 8 జీబీ. ఒకసారి చిత్రం అందులో పట్టలేదు. మెమరీ కేటాయించే అలకేటర్‌ని, కార్డులో పట్టనిది ర్యామ్‌లో ఉంచుకోనిచ్చే మేనేజ్డ్ మెమరీకి మార్చాను, అంతే. లెక్కల కోడ్‌లో అక్షరం ముట్టుకోకుండా పని పూర్తయింది. ఆ రోజు ఎంత సంతోషమేసిందో!

పోయిన ఖరీఫ్‌లో కృష్ణా డెల్టా పంటల మ్యాపు వేస్తున్నాం. పిక్సెల్‌కు 0 నుంచి 9 వరకు ఒక కోడ్. మేఘం కమ్మిన చోట, సముద్రం మీద 255. కోడ్‌ను బట్టి పంట తీసుకోవడానికి పది గళ్ల టేబుల్. ఆ 255లను ముందే పక్కకు తీసే లైను రాయడం నేనే మరిచిపోయాను. నంపైలో అయితే ఆ నంబరు గడి లేదని ఇండెక్స్ ఎర్రర్ వచ్చి అక్కడే ఆగిపోయేది. కూపైలో ఏమీ రాలేదు, మ్యాపు చక్కగా తయారైంది. కొన్ని మండలాల్లో వరి కాస్త ఎక్కువ కనిపిస్తే వానలు బాగా పడ్డాయి కదా అనుకున్నాం. రెండు రోజుల తర్వాత మ్యాపు పెద్దది చేసి చూస్తే, దివిసీమ దాటి బంగాళాఖాతం మీద కూడా వరి రంగే! రిపోర్టు అప్పటికే పంపేశాం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అరేతో ఇండెక్స్ చేసినప్పుడు, అంటే గడి నంబర్లన్నీ ఒక అరేగా ఇచ్చి విలువలు తెమ్మన్నప్పుడు, హద్దు దాటిన సంఖ్యను కూపై చుట్టి తెచ్చి లోపలే పెడుతుంది. 255ను 10తో భాగిస్తే శేషం 5. మా టేబుల్లో 5 అంటే వరి. ఇది బగ్ కాదు, నంపైతో తేడాలు చెప్పే పేజీలో రాసే ఉంది. ప్రతి ఇండెక్స్‌నూ చూసి తప్పు చెప్పాలంటే గ్రాఫిక్స్ కార్డు జవాబు కోసం సీపీయూ ఆగాలి, వేగం పోతుంది. ఆ ఇబ్బంది అర్థమైంది. కానీ ఇదే లైబ్రరీ, కూపై అరేని నంపై అరేగా మార్చబోతే టైప్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. కాపీ కావాలంటే గెట్ అని మనమే రాయాలి. మొదట్లో విసుక్కున్నాను గానీ, డేటా ఎక్కడ చేతులు మారుతోందో తెలిసేది దానివల్లే. అక్కడ అంత పట్టుదలగా ఉండి ఇక్కడ నోరు మెదపకపోవడమే నాకు మింగుడుపడదు. మెమరీ ఏదైనా కోడ్ ఒకటే అన్నప్పుడు, తప్పు కూడా రెండు చోట్లా ఒకేలా దొరకాలని కోరుకోవడం అత్యాశా?

మేనేజ్డ్ మెమరీ కూడా ఎప్పుడో ఒకసారి ఆదుకోవడానికే. మెమరీ పేజీలు (డేటా ముక్కలు) ర్యామ్‌కూ కార్డుకూ మధ్య అటూ ఇటూ తిరగడం మొదలైతే పని నత్తనడకే. ఇప్పుడు చిత్రాన్ని ముక్కలుగా కోసి పంపుతున్నాను.

వాడటం మానలేదు. మా చిత్రాల సైజుకు నంపై ఒక్కటీ సరిపోదు. మీవి చిన్న అరేలైతే దాంతోనే ఉండొచ్చు. నేను మాత్రం టేబుల్‌లోకి వెళ్లే ముందు ఇండెక్స్‌ల గరిష్ఠ విలువ చూస్తున్నాను, కాస్త ఆలస్యమైనా సరే. కొత్త కోడ్ ఏది రాసినా ముందు చిన్న ముక్కను నంపైలో నడుపుతాను, ఆ ముక్కలో కొంచెం సముద్రం ఉండేలా చూసుకుని.