మనోవ్యాధితో ఉన్న ఖైదీల మధ్య జైలు పరిచర్య: ఒక బృందం సేవపై సమీక్ష

జైలులో మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నందువల్ల, అక్కడికి వారం వారం వచ్చే ఒక క్రైస్తవ పరిచర్య బృందం సేవను నేను చాలా దగ్గర నుంచి చూశాను. నేనూ విశ్వాసినే. మెచ్చుకోదగిన విషయాలతో పాటు లోపాలను కూడా రాస్తున్నాను కనుక బృందం పేరు చెప్పడం లేదు. ఇలాంటి సేవను ఆహ్వానించాలనుకునే జైలు అధికారులకు, తమవారు లోపల ఉన్న కుటుంబాలకు, జైలు పరిచర్య మొదలుపెట్టాలని ప్రార్థిస్తున్న సంఘాలకు ఈ సమీక్ష పనికివస్తుందని నమ్ముతున్నాను.

ఈ అవసరం చిన్నదేమీ కాదు. 24 దేశాల జైళ్లలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పురుష ఖైదీలలో దాదాపు 10 శాతం మంది, మహిళా ఖైదీలలో దాదాపు 14 శాతం మంది తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడుతుండగా, సైకోసిస్ (లేని స్వరాలు వినిపించడం, లేనివి నిజమని నమ్మడం వంటి తీవ్ర మనోవ్యాధి) ఉన్నవారు దాదాపు 4 శాతం ఉన్నారు. అంటే ఏ జైలులో ప్రార్థన కూటమి పెట్టినా అలాంటివారు కొందరు ఆ వరుసల్లో కూర్చునే ఉంటారు. మందుల ప్రభావంతో కునుకు తీసేవాడిని వాక్యం మీద ఆసక్తి లేనివాడనీ, అదే మందుల వల్ల కాళ్లు నిలవక పచార్లు చేసేవాడిని భక్తి లేనివాడనీ అనుకోవడం ఎంతో సులభం. ఈ బృందం ఆ పొరపాటు చేయదు. లేచి తిరగాలనిపించేవారి కోసం వెనుక వైపు స్థలం వదులుతారు, పాటలు తగ్గు స్వరంలో పాడతారు, ప్రసంగాన్ని పావుగంటకు మించనివ్వరు.

అయితే ఈ సేవలో అన్నిటికంటే విలువైనది కూటమి కాదు, ఆ తర్వాత సెల్లుల దగ్గరకు వెళ్లి ఒక్కొక్కరిని పలకరించడం. ఎవరితోనూ మాట్లాడని ఒక యువకుడి సెల్ దగ్గర బృందంలోని ఒక పెద్దాయన నిలబడి, "ఈ రోజు మాట్లాడాలని ఉందా తమ్ముడూ?" అని అడిగారు. అతను గోడ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. "సరే తమ్ముడూ, వచ్చే వారం ఇదే వేళకు వస్తాను" అని చెప్పి ఆయన వెళ్లిపోయారు, మరుసటి వారం అదే వేళకు వచ్చారు. చేతిలో కరపత్రం పెట్టలేదు, కిటికీ బయట నుంచి వాక్యం చదవలేదు. ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలలో 65వ నియమం, మత ప్రతినిధిని కలుసుకునే హక్కు ఏ ఖైదీకీ నిరాకరించరాదని చెబుతూనే, వద్దన్న ఖైదీ ఇష్టాన్ని పూర్తిగా గౌరవించాలని కూడా చెబుతుంది. మొదటి సగాన్ని అడిగి తీసుకునే సంఘాలు చాలా ఉన్నాయి, రెండవ సగాన్ని ఇంత ఓపికగా పాటించేవారిని నేను తక్కువగా చూశాను. మాట తప్పే మనుషులతోనే బతికినవాడికి, చెప్పిన వేళకు మళ్లీ వచ్చిన మనిషే మొదటి సువార్త.

రెండవ గొప్ప విషయం, తమకు వినిపించే స్వరాల గురించి ఖైదీలు చెప్పినప్పుడు వీరు నడుచుకునే తీరు. అన్నంలో విషం కలిపారని, తినవద్దని దేవుడే చెప్పాడని ఒకాయన అన్నప్పుడు, అది దేవుని స్వరమని గానీ దయ్యం పని అని గానీ తీర్పు చెప్పకుండా, నిన్నటి నుంచి ఏమైనా తిన్నారా, ఆ స్వరం మిమ్మల్నో మరొకరినో గాయపరచమని చెబుతోందా అని మెల్లగా అడిగి, "ఈ విషయం నర్సు గారికి చెబుదాం, నేను పక్కనే ఉంటాను" అని ఆయన ఎదుటే పిలిపించారు. శిక్షణ లేనిదే ఈ నిదానం రాదు.

ఇక తీవ్రమైన లోపం. ఒకసారి స్వస్థత కూటమికి బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, మాత్రలను నమ్ముకున్నవారు దేవుణ్ని నమ్ముకోనట్టేనని వేదిక మీద నుంచి చెప్పారు. ఆ సాయంత్రం మందుల క్యూలో కొందరు మాత్రను నాలుక కింద దాచి, పక్కకు వెళ్లి ఉమ్మేశారు. సైకోసిస్ మందులు హఠాత్తుగా మానేస్తే వ్యాధి తిరగబెడుతుంది, జైలులో వ్యాధి తిరగబెట్టినవాడికి వైద్యం కంటే ముందు శిక్ష అందే ప్రమాదం ఉంది. అదే కూటమిలో అందరినీ నీళ్లు కూడా ముట్టని ఉపవాస ప్రార్థనకు పిలిచారు. మనోస్థితి తీవ్రంగా మారకుండా ఇచ్చే లిథియం అనే మందు వాడుతున్నవారి శరీరంలో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి ప్రాణం మీదకు వస్తుంది. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు, అతణ్ని తన వెంట ఉంచుకున్నందుకు పౌలు విశ్వాసం తగ్గలేదు. మేము అభ్యంతరం చెప్పాక బృంద నాయకులు క్షమాపణ కోరి, వైద్య విభాగంతో మాట్లాడకుండా ఏ అతిథినీ తీసుకురామని, ఉపవాసానికి ఎవరినీ పిలవమని రాసిచ్చారు. అప్పటి నుంచి ఆ మాట నిలబెట్టుకుంటున్నారు.

వాక్య భాగాల ఎంపిక నాకు బాగా నచ్చింది. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా దగ్గరకు వచ్చిన దూత మొదట ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. చీకటి మాటతోనే ముగిసే 88వ కీర్తనను మొత్తం చదివి, దానికి సంతోషకరమైన ముగింపు అతికించకుండా వదిలేసిన రోజున, ఎప్పుడూ నోరు విప్పనివారు కూడా తమ రాత్రుల గురించి మాట్లాడారు. సువార్తల్లోని, దయ్యాలు పట్టి సమాధుల మధ్య తిరిగిన మనిషి కథను మాత్రం వీరు తరచుగా ఎత్తుకుంటారు. బయట "దయ్యం పట్టింది" అనిపించుకుని, గొలుసులతో కట్టబడి వచ్చినవారు ఆ కథ విన్నప్పుడు తల దించుకోవడం నేను చూశాను. దాన్ని తగ్గించడం మంచిదని నా అభిప్రాయం.

జైలుకు వాక్యం చెప్పడానికి వచ్చినవారి కళ్లు ఎంత పని చేయగలవో చరిత్రలో సాక్ష్యం ఉంది. 1841లో అమెరికాలోని మసాచుసెట్స్‌లోని ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలులో మహిళా ఖైదీలకు ఆదివారపు బైబిలు పాఠం చెప్పడానికి వెళ్లిన డొరోథియా డిక్స్, మనోవ్యాధి ఉన్న స్త్రీలను చలికాలంలో వెచ్చదనం లేని గదుల్లో ఉంచడం చూసి, రాష్ట్రమంతా తిరిగి వివరాలు సేకరించి 1843లో శాసనసభకు విన్నపం సమర్పించారు. ఈ బృందం ప్రార్థిస్తుంది, ఓదారుస్తుంది, కానీ చూసినదాన్ని రాసి పైకి పంపడానికి వెనుకాడుతుంది. ఒంటరి నిర్బంధం వల్ల వ్యాధి ముదిరేవారిని అలా ఉంచరాదని అవే మండేలా నియమాలు 45వ నియమంలో చెబుతున్నాయి. అలాంటి సెల్ ముందు నిలబడినవారు జైలరుకు ఒక విజ్ఞాపన రాస్తే, లోపలికి వచ్చే అనుమతి పోతుందేమోనన్న భయం అర్థమవుతుంది, అయినా రాయాలి.

చిన్న విషయాలు కొన్ని. ఇంటికో సెల్లుకో పంపే బైబిలు పాఠాల అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, కొన్ని మందుల వల్ల చూపు మసకబారేవారు వాటిని చదవలేరు. కూటమి వేళ ఒక్కోసారి మందుల క్యూ వేళతో కలిసిపోతోంది, ఖైదీ రెండింట్లో ఒకటి ఎంచుకోవలసి వస్తోంది.

మొత్తం మీద ఈ సేవను నేను సిఫారసు చేస్తున్నాను, ఒక్క షరతుతో. విడుదలయ్యేవారి చేతిలో వీరు పెట్టే కార్డు మీద వారి ఊరికి దగ్గరలోని సంఘం చిరునామా, పాస్టర్ గారి ఫోను నంబరు ఉంటాయి. మందులు ఎక్కడ దొరుకుతాయో, తర్వాతి వైద్య పరీక్ష ఎప్పుడో ఉండదు. ఆ రెండు వరుసలు కూడా అదే కార్డు మీద అచ్చు వేయించమని బృందాన్ని అడిగాను. నింపి ఇచ్చే బాధ్యత మా విభాగం తీసుకుంటుంది.