సీల్ కిట్, సిలికాన్ గ్రీజు, సింటర్డ్ ప్యాడ్లు: 40 వేల కిలోమీటర్ల తర్వాత

ఇది బైకు డిస్క్ బ్రేకుల సంగతి. బండి 350 సీసీ. కాలిపర్ అంటే ఆయిల్ ఒత్తిడికి కదిలే పిస్టన్లతో ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగం. నాది ముందు రెండు పిస్టన్ల ఫ్లోటింగ్ కాలిపర్ (పిస్టన్లు ఒకవైపే ఉండి, కాలిపర్ పిన్నుల మీద జరిగే రకం), వెనక ఒక పిస్టన్‌ది. తిరిగేది ఎక్కువగా విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు మీద, కాబట్టి ఉప్పుగాలి, ఇసుక రెండూ తప్పవు. పిస్టన్ల రబ్బరు రింగుల సీల్ కిట్, సిలికాన్ గ్రీజు, లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లు: డబ్బు పెట్టిన ఈ మూడు వస్తువుల్లో ఎక్కువ పని చేసిపెట్టింది అన్నిటికంటే చవకైన సిలికాన్ గ్రీజే. ప్యాడ్ల రకం గురించి జనం వాదించుకునేంత తేడా అందులో లేదు.

వదిలినా బ్రేక్ పట్టేసే ఉంటోందని షెడ్డుకు వెళితే ముందు ప్యాడ్లే మార్చేస్తారు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లను లోపలికి నెట్టాలి. అన్నాళ్లూ బయట ఉండి బ్రేక్ పొడి, మట్టి గడ్డకట్టిన భాగం అలాగే సీల్ కిందికి దూరుతుంది. కొత్త ప్యాడ్లు వేశాక బండి ఇంకా బరువుగా నడుస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

జబ్బు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. చక్రం లేపి, బ్రేక్ నొక్కి వదిలి తిప్పండి. బిగుసుకుంటే కాలిపర్ మీది బ్లీడ్ నిపుల్‌ని (ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిందా, ఒత్తిడి లైనులోనే నిలిచిపోతోంది. మాస్టర్ సిలిండర్‌లో (లివర్ నొక్కితే ఆయిల్‌ని నెట్టే భాగం) ఆయిల్ తిరిగి వెళ్లే సన్నని రంధ్రం పూడుకుపోయి ఉండాలి, లేదా పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఉండాలి. షోకు కోసం మార్చిన లివర్, మాస్టర్ సిలిండర్‌లోని ప్లంజర్‌ని (ఆయిల్‌ని నెట్టే కడ్డీ) ఎప్పుడూ కాస్త నొక్కే ఉంచడం కూడా తరచూ కనిపించేదే. నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే కాలిపర్ విప్పాల్సిందే.

విప్పాక ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ వైపుది బాగా అరిగి, రెండోది మందంగా మిగిలితే కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు ఎండిపోయాయి. ఒకే ప్యాడ్ ఒక కొస పల్చగా, ఇంకో కొస మందంగా ఉంటే రెండు పిస్టన్లలో ఒకటి సరిగ్గా కదలడం లేదనో, బ్రాకెట్ మీద కాలిపర్ వంకరగా పట్టేసిందనో అనుమానించాలి.

పిన్నుల పాత గ్రీజు పూర్తిగా తుడిచి, శనగగింజంత సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. ఎక్కువ కూరితే లోపల గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తంతుంది. చాసిస్ గ్రీజు మాత్రం వద్దు. దానికి పిన్నుని కప్పే రబ్బరు బూటు ఉబ్బి పిన్నునే పట్టేస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో గన్ను నేరుగా బూటు మీద పెట్టనివ్వకండి. పిన్నుల్లోకి నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే. బీచ్ రోడ్డు వాడకానికి వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి గ్రీజు మారిస్తే పిన్నులు మళ్లీ బిగియలేదు.

సీల్ కిట్ సంగతికొస్తే, కిట్ కంటే కాలిపర్‌లో సీల్ కూర్చునే గాడి ముఖ్యం. పిస్టన్ సీల్ చదరపు అంచుల రింగు. బ్రేక్ నొక్కినప్పుడు వంగి, వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగేది అదే. కాలిపర్‌లో అందుకు వేరే స్ప్రింగు లేదు. అల్యూమినియం గాడిలో తెల్లటి పెచ్చు పేరుకుంటే అది సీల్‌ని పిస్టన్ మీదికి నెడుతుంది. ఆ పెచ్చు తీయకుండా కొత్త సీల్ వేయడం దండగ. వెదురు పుల్లతో, నైలాన్ బ్రష్‌తో గీకాలి. స్క్రూడ్రైవర్ పెడితే గాడికి గీత పడుతుంది. కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ వాడాలి, పెట్రోల్, కిరోసిన్ తగిలితే సీళ్లు పాడవుతాయి. పిస్టన్ మీద గుంటలు పడితే ఉప్పుకాగితంతో రుద్దకుండా మార్చేయడమే మేలు. బిగించేటప్పుడు సీల్‌కి కొత్త బ్రేక్ ఆయిల్ తడి చాలు.

పిస్టన్లను లివర్ కొట్టి బయటికి తెప్పించండి. ఒకటి ముందే వచ్చేస్తుంటే దానికి చెక్కముక్క అడ్డం పెట్టాలి. కంప్రెసర్ గాలితో తీస్తే పిస్టన్ ఎగిరొచ్చి వేళ్లు నలుగుతాయి.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం. కొత్తదాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక ఆ ప్రమాణం 155. మన తేమ గాలిలో రెండేళ్లకోసారి మార్చాలి, మూత తీసిన డబ్బా దాచిపెట్టకూడదు. ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా ఆపే వ్యవస్థ) ఉన్న బళ్లకు బ్రేక్ లైనులో గాలి తీసేటప్పుడు ఆయిల్ రిజర్వాయర్ ఖాళీ అవనివ్వొద్దు. ఏబీఎస్ మాడ్యులేటర్‌లోకి (ఒత్తిడిని సర్దే పెట్టె) గాలి చేరితే కొన్ని బళ్లకు స్కానర్ పెట్టి తీయించాల్సి వస్తుంది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి.

ప్యాడ్లు: ముందు చక్రానికి ఆర్గానిక్‌వి (నారలు, రెసిన్‌తో చేసిన మెత్తటి రకం) సుమారు 15 వేల కిలోమీటర్లు వచ్చాయి. సింటర్డ్‌వి 25 వేలు దాటాక కూడా మిగిలాయి. వానలో మొదటి నొక్కుకే పట్టుకోవడంలో సింటర్డ్ మెరుగు. పొద్దున్నే కీచుమనడం, డిస్క్‌ని ఎక్కువ అరగదీయడం వాటి లోపాలు. డిస్క్ మీద కనీస మందం చెక్కి ఉంటుంది, ప్యాడ్లు మార్చే ప్రతిసారీ మైక్రోమీటర్‌తో కొలవాలి. ప్యాడ్ మందు (డిస్క్‌కి రాసుకునే పొర) 1.5 మిల్లీమీటర్లకు వచ్చాక ఇక లాగొద్దు. కొత్తవి వేశాక గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఒక మోస్తరు నొక్కుతో పదీ పన్నెండు సార్లు తగ్గించండి. మొదటి రోజే గట్టిగా తొక్కితే ప్యాడ్ ముఖం గాజులా నున్నబడి పట్టు పోతుంది.

వెనక చక్రానికి ఆర్గానిక్ చాలు. అక్కడ ప్యాడ్లు త్వరగా అరిగాయంటే ముందు పెడల్ ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) చూడండి, ఆ తర్వాత పెడల్ మీదే కాలు ఆనించి నడిపే అలవాటుందేమో గమనించండి.