ఇంట్లో గీసుకునే ఆటపటానికి వర్డ్‌లో టేబుల్ మేలా, షేప్స్ మేలా?

వైకుంఠపాళి, అష్టాచమ్మా, పులిమేక వంటి ఆటల పటాలను ఇంట్లో తయారు చేసుకోవడానికి ప్రత్యేకమైన డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసుకునే వర్డ్ చాలు. అయితే అందులో రెండు దారులున్నాయి. ఒకటి టేబుల్ వేసి గళ్లు తీయడం, రెండోది షేప్స్‌లోని గీతలను, చతురస్రాలను, వృత్తాలను పేర్చుకుంటూ పటం కట్టడం. వీటిలో ఏది మేలన్నది మన చేతి నేర్పు కంటే ఆట స్వభావం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పావు గడిలో కూర్చునే ఆటకు టేబుల్ మేలు. పావు గీతలు కలిసే చోట కూర్చునే ఆటకు షేప్స్ తప్ప గతి లేదు. రెండు మూడు పటాలు పాడుచేసుకున్నాక గాని ఈ సంగతి నాకు బోధపడలేదు.

ముందుగా నూరు గళ్ల వైకుంఠపాళిని తీసుకుందాం. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఇరువైపులా ఒక్కో సెంటీమీటరు అంచు వదిలితే 190 మిల్లీమీటర్లు మిగులుతాయి కాబట్టి, పది గళ్లలో ఒక్కొక్కటి 1.9 సెంటీమీటర్లు వస్తుంది. చొక్కా గుండీని పావుగా వాడితే గడిలో సులువుగా ఇముడుతుంది. షేప్స్‌తో చేయదలిస్తే షిఫ్ట్ నొక్కి పట్టి ఒక చతురస్రం గీసి, దానికి కంట్రోల్-డితో నకళ్లు తీస్తూ, అలైన్ ఆజ్ఞతో వరుసలు సరిచేసుకోవాలి. నూరు చతురస్రాలు అయ్యాక ఒక్కొక్కదాని మీద నొక్కి అంకె వేయాలి. ఆ తర్వాత గడి పరిమాణం కొంచెం తగ్గిద్దామనిపిస్తే అన్నింటినీ గ్రూపు చేసి కుదించాలి. గడి చిన్నదైనా లోపలి అంకె మాత్రం చిన్నదవదు. టేబుల్‌లో ఇదంతా రెండు నిమిషాల పని.

కాని టేబుల్‌ను వేసింది వేసినట్టు వదిలేస్తే గళ్లు చతురస్రాలుగా నిలవవు. వరుస ఎత్తు మామూలుగా 'అట్ లీస్ట్' పద్ధతిలో ఉంటుంది, అంటే లోపలి అక్షరాలు పెరిగితే గడి కూడా పెరుగుతుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి దానిని 'ఎగ్జాక్ట్‌లీ' చేసి 1.9 సెంటీమీటర్లు ఇవ్వాలి, నిలువు వరుస వెడల్పుకూ అదే కొలత ఇవ్వాలి, లోపలి విషయాన్ని బట్టి గడి దానంతటదే సాగే ఏర్పాటును ఆపించాలి. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. నిచ్చెన మొదట్లో 'శ్రద్ధ', పాము తల దగ్గర 'ఈర్ష్య' అని రాసుకుంటే, ఎత్తు బిగించిన గడిలో కింది ఒత్తులు కత్తిరించుకుపోతాయి. అక్షరాల పరిమాణం తగ్గించాలి, పంక్తుల మధ్య ఎడాన్ని మాత్రం 'ఎగ్జాక్ట్‌లీ'లో పెట్టకూడదు.

అంకెల వరుస ఇంకొక చిక్కు. పాముల పటంలో లెక్క కింది ఎడమ మూల నుంచి మొదలై, ఒక వరుస కుడికి, తర్వాతి వరుస ఎడమకు, నాగలి చాళ్లలాగా మలుపులు తిరుగుతూ పైకి పోతుంది; 100 పై ఎడమ మూలన వస్తుంది. ట్యాబ్ నొక్కితే వర్డ్ ఎప్పుడూ కుడికే పోతుంది గనుక, పై వరుసలో 100 నుంచి 91 వరకు, దాని కింద 81 నుంచి 90 వరకు, ఇలా పైనుంచే నింపుకుంటూ రావడం తేలిక. ఎడమ చివరి నిలువు వరుసలో కింది నుంచి 1, 20, 21, 40, 41 అని వస్తే లెక్క సరిగా ఉన్నట్టే.

ఇక పాములూ నిచ్చెనలూ టేబుల్‌తో వచ్చేవి కావు, షేప్స్‌తో దాని మీద గీయాలి. పాముకు కర్వ్ గీత, నిచ్చెనకు రెండు సమాంతర రేఖలూ వాటి మధ్య మెట్లూ గీసి గ్రూపు చేస్తే చాలు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. పటం పైన పెద్ద అక్షరాలతో పేరు పెట్టి, ఆ ఫైలును ఉన్నదున్నట్టు జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో నా ఫాంటు లేదు. వేరే ఫాంటు వచ్చి, ఒక పంక్తిలో ఉన్న పేరు రెండు పంక్తులైంది, టేబుల్ ఒక గడి కిందికి జరిగింది. పేజీకి బిగించిన పాములు మాత్రం కదలలేదు. 87లో ఉండవలసిన తల 94లో తేలింది. అచ్చయ్యాక గాని నేను చూసుకోలేదు, తప్పు నాదే. టేబుల్ ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ వ్రాపింగ్‌ను 'అరౌండ్' చేసి, టేబుల్ స్థానాన్ని కూడా పేజీ నుంచి కొలిచేట్టు పెడితే గళ్లూ పాములూ రెండూ ఒక్క పేజీకే కట్టుబడతాయి. అంతకంటే ముఖ్యంగా, షాపుకు ఇచ్చేది పీడీఎఫ్ అయి ఉండాలి.

అష్టాచమ్మాకు అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ల టేబుల్ చాలు. నాలుగు అంచుల నడిమి గళ్లలోనూ మధ్య గడిలోనూ వేసే కొట్టుగుర్తు కోసం షేప్స్ దాకా కూడా పోనక్కరలేదు, బోర్డర్స్ జాబితాలోని రెండు ఐమూల గీతలను ఎంచుకుంటే గడిలో గుర్తు దానంతటదే పడుతుంది.

పులిమేక దగ్గరకు వచ్చేసరికి టేబుల్ చేతులెత్తేస్తుంది. మూడు పులులు, పదిహేను మేకలు ఉండే ఈ ఆటలో పావు నిలిచేది 23 కూడళ్ల మీద. శిఖరం నుంచి నాలుగు గీతలు ఏటవాలుగా దిగుతాయి, వాటిని నాలుగు అడ్డగీతలు కోస్తాయి, పై మూడింటి కొనలను ఇరువైపులా నిలువు గీతలు కలుపుతాయి. మొత్తం పది గీతలే. షిఫ్ట్ నొక్కితే గీత నిర్ణీత కోణాలకే వంగుతుంది కాబట్టి ఏటవాలు గీతలకు అది పనికిరాదు. ఎడమ వైపు రెండింటిని చేత్తో సరిచూసుకుని గీసి, వాటి నకళ్లను 'ఫ్లిప్ హారిజాంటల్'తో కుడికి తిప్పితే రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా వస్తాయి. దాడి ఆటకు కూడా ఇదే మార్గం, ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు గీస్తే సగం పని అయిపోయినట్టే.

వర్డ్ లేనివారికి ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ రైటర్ ఏమాత్రం తీసిపోదు. బొమ్మను పేజీకే లంగరు వేసే 'టు పేజ్' సౌకర్యం అందులో స్పష్టంగా ఉండటం వల్ల పాములు జారిపోయే బెడద తక్కువ. గూగుల్ డాక్స్‌ను నేను ఈ పనికి సిఫారసు చేయను. వరుసకు కనీస ఎత్తు ఇవ్వగలమే గాని బిగించలేము, బొమ్మ గీయాలంటే వేరే కిటికీలోకి పోవాలి.

అచ్చు తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' కాకుండా 'యాక్చువల్ సైజ్' ఎంచుకుని, బయటికి వచ్చిన కాగితం మీద స్కేలు పెట్టి పది గళ్లు 19 సెంటీమీటర్లు ఉన్నాయో లేదో చూడాలి. పిల్లలు నలుగురైదుగురు ఉంటే అదే పీడీఎఫ్‌ను ఎ3 మీద 141 శాతానికి పెంచి తీయిస్తే గడి 2.7 సెంటీమీటర్ల దాకా వస్తుంది. లామినేషన్ అప్పుడు చేయించవచ్చు.